బోరు కింద వేరుశనగలో కలుపు: వేసవి దుక్కి మొదలుకొని ఊడలు దిగేదాకా

వానకు వేసే వేరుశనగలో కలుపు ఒక తీరు, బోరు కింద రబీలో వేసే వేరుశనగలో కలుపు ఇంకో తీరు. ఖరీఫ్‌లో కసువు ఎప్పుడు మొలవాలో వాన చెబుతుంది. రబీలో మోటారు మీట మన చేతిలో ఉంటుంది. తడి ఇచ్చిన ప్రతిసారీ పైరుతో పాటు నేల పైపొరలో పడి ఉన్న కలుపు గింజలకూ మనమే నీళ్ళు పెడుతున్నాం. అందుకే ఇక్కడ చెప్పేదంతా తడుల వరసలో సాగుతుంది. ఏ తడికి ముందు ఏ పని, ఏ తడి తర్వాత ఏ పని అన్నది కుదిరితే కూలి ఖర్చూ మందు ఖర్చూ రెండూ దిగుతాయి. ఆ వరస తప్పితే ఎంత ఖరీదు మందు కొట్టినా చేను కసువుమయమే.

అనంతపురం, కడప ఎర్రనేలల్ని ముందు పెట్టుకుని రాస్తున్నాను. కర్నూలు వైపు నల్లరేగడిలో తేడా వచ్చే చోట ఆ సంగతి విడిగా చెబుతాను. గుత్తి రకం వేరుశనగకు, అంటే కదిరి-6, కదిరి లేపాక్షి లాంటివాటికి, మొదటి 45 రోజులు కీలకం. ఆ లోపల కలుపు పైరును మించకుండా చూసుకుంటే తర్వాత ఆకులు సాళ్ళ మధ్య కమ్ముకుని కింద మొలిచేదాన్ని పైరే అణచుకుంటుంది. 45 రోజులు దాటాక ఎంత శ్రద్ధగా తీసినా అప్పటికే పోయిన దిగుబడి తిరిగి రాదు.

చేనులో ఏముందో ముందు చూసుకోండి

పోయిన పంటలో ఎక్కడ ఏ కలుపు ఎక్కువగా వచ్చిందో మీకు గుర్తుంటుంది. దాన్ని మూడు కుప్పలుగా అనుకోండి. ఊద, చిప్పర, గరిక లాంటివి గడ్డి జాతి. గలిజేరు, గంగపాయల, చెంచలాకు, గునుగు, పిచ్చి తోటకూర, పల్లేరు, వయ్యారిభామ వెడల్పాకు జాతి. మూడోది తుంగ. చూపుకు గడ్డిలాగే ఉన్నా దాని లెక్క వేరు. గడ్డి మీద పనిచేసే మందు వెడల్పాకుల్ని తాకదు, తుంగ మీద చాలా మందులు పనిచెయ్యవు. ఈ తేడా చూసుకోకుండా అంగడికి వెళ్ళి "కలుపు మందు ఇవ్వండి" అని అడిగితే అక్కడ ఉన్నదే చేతికి వస్తుంది.

వేసవిలో తుంగ పని పట్టండి

తుంగను పైరులో ఉండగా గెలవడం కష్టం. నేలలో దాని గడ్డలు ఒకదానికొకటి సన్నటి వేళ్ళతో గొలుసులా అంటుకుని ఉంటాయి. పైన పీకితే ఆ గొలుసు తెగుతుంది. తెగిన ప్రతి గడ్డా విడిగా మొలకేస్తుంది. "పీకేకొద్దీ వస్తాంది గదన్నా ఇది" అని కలుపు తీసే అక్కలు విసుక్కునేది ఇందుకే.

కానీ ఆ గడ్డకు ఒక బలహీనత ఉంది. లోపలి తేమ ఆరిపోతే చచ్చిపోతుంది. గడ్డల్లో ఎక్కువ భాగం పైన ఉన్న 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. రబీ పంట తీసేసిన తర్వాత ఏప్రిల్, మే నెలల్లో లోతుగా దున్ని పెళ్ళల్ని ఎండకు తిరగేసి వదిలితే గడ్డలు పైకి వచ్చి ఎండిపోతాయి. మన సీమ ఎండ మనకు కష్టమే, ఈ ఒక్క పనికి మాత్రం ఆ ఎండే కావాలి. ఒక దుక్కితో ఆపకండి. రెండు మూడు వారాలు ఆగి అడ్డంగా ఇంకోసారి దున్నితే కింద మిగిలినవి కూడా పైకి వస్తాయి. ఈ మధ్యలో వాన పడితే ఎండుతున్న గడ్డలు తిరిగి మొలుస్తాయి కాబట్టి వాన తర్వాత ఆరగానే గుంటక (పైమట్టిని కోస్తూ కలుపును తెంపే బ్లేడు పనిముట్టు) తోలాలి. ఒక్క వేసవితో తుంగ మాయం కాదు. వరసగా రెండు మూడేళ్ళు చేస్తే తేడా చేనులోనే కనబడుతుంది.

ఎరువు సంగతి కూడా ఈ దశలోనే చూసుకోవాలి. గొర్రెల మంద కట్టించడం నేలకు మంచిదే, మానమని చెప్పను. అయితే బయట మేసి వచ్చిన జీవాల పెంటికల్లో కంపచెట్ల కాయల గింజలు, రకరకాల కసువు గింజలు చావకుండా వస్తాయి. మంద కట్టించేది వేసవిలో అయితే విత్తేలోపు అవి మొలవడానికి, మీరు దున్నేయడానికి సమయం ఉంటుంది. విత్తేముందు వారంలో కట్టిస్తే ఆ గింజలన్నీ పైరుతో కలిసి మొలుస్తాయి. దిబ్బ ఎరువు బాగా మాగితే లోపలి వేడికి గింజలు చాలావరకు చస్తాయి. పచ్చి పెంటను తోలుకోకండి.

ఒక తడి కలుపు కోసమే ఇవ్వండి

ఈ మొత్తంలో ఒక్క పని మాత్రమే చేయగలిగితే ఇదే చెయ్యమంటాను. చేను దున్ని, చదును చేసి, విత్తడానికి సిద్ధంగా ఉంచుకుని, విత్తనం వెయ్యకుండా ఒక తడి ఇవ్వండి. స్ప్రింక్లర్లు ఉంటే పైన మూడు నాలుగు అంగుళాలు తడిసేదాకా చాలు. వారం పది రోజుల్లో పైపొరలో ఉన్న కలుపు గింజల్లో మొదటి జట్టు మొలుస్తుంది. రెండాకులు వేసేలోపు, ఎండ బాగున్న రోజు చూసి, పైపైన గుంటక తోలండి.

పైపైన అంటే రెండు అంగుళాలకు మించకూడదు. ఇక్కడ చాలామంది మళ్ళీ మడకో రోటవేటరో దించి లోతుగా తిప్పేస్తారు. అప్పుడు అడుగున ఉన్న కొత్త గింజలు పైకి వచ్చి చేసిన పనంతా వృథా అవుతుంది. కలుపు గింజలు చాలావరకు చిన్నవి. పైన రెండు అంగుళాల్లో ఉంటేనే మొలవగలవు, అంతకంటే లోతులో ఉన్నవి నిద్రలో ఉంటాయి. వాటిని కదిలించకపోవడమే మేలు.

బోరులో నీళ్ళు అంతంతమాత్రం ఉన్నవాళ్ళు ఇది విని ఒక తడి దండగ కదా అంటారు. వాళ్ళ మాట అర్థమవుతుంది. అలాంటప్పుడు పోయినసారి కసువు బాగా పట్టిన భాగానికే ఇవ్వండి. ఇంకో దారి కూడా ఉంది. మనకు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి. ఆ వాన పడేనాటికి నేల దున్ని చదునుగా ఉంటే ఈ తడిని వానే ఉచితంగా ఇచ్చేస్తుంది. ఖరీఫ్ పంట తీసిన చేను అలాగే వదిలేసి నవంబరులో హడావిడిగా దున్నేవాళ్ళు ఈ అవకాశం పోగొట్టుకుంటారు. అయితే మొదటి మొలకల కోసం ఎదురుచూస్తూ విత్తే అదును దాటించుకోవద్దు. డిసెంబరు నడిమికల్లా విత్తనం నేలలో పడాలి.

నల్లరేగడిలో తడి తర్వాత కాలు పెట్టే పదును రావడానికే రోజులు పడుతుంది. ఆలోపు కలుపు నాలుగాకులు దాటిపోవచ్చు. అక్కడ స్ప్రింక్లర్లతో పలచటి తడి ఇస్తేనే ఈ పద్ధతి కుదురుతుంది, కాలువ నీళ్ళు పారించి కాదు.

గెనాల మీద వయ్యారిభామ

చేను లోపలి కలుపు పైరు తినే నీళ్ళు, ఎరువు తింటుంది. గెనెం (చేను గట్టు) మీద ఉన్న వయ్యారిభామ అయితే రోగాన్ని తెస్తుంది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ తెగులు 2 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసింది. అప్పుడు సేద్యంలో ఉన్నవాళ్ళు దాన్ని మరిచిపోలేదు. తర్వాత శాస్త్రవేత్తలు తేల్చింది ఏమిటంటే, ఈ తెగులుకు కారణమైన పొగాకు స్ట్రీక్ వైరస్ వయ్యారిభామ మొక్కలో ఉంటుంది, పైకి ఏ లక్షణమూ చూపించకుండా. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. గాలికి, తామర పురుగుల ఒంటికి అంటుకుని ఆ పుప్పొడి వేరుశనగ ఆకు మీదికి వస్తుంది. పురుగు ఆకును గీకిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది.

ఇందులో రైతుకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. రోగం తగిలిన శనగ మొక్క నుంచి పక్క శనగ మొక్కకు ఇది పాకదు. శనగ పువ్వులో పుప్పొడి భాగం రేకుల లోపల మూసుకునే ఉండి, పువ్వు తనలో తనే ఫలదీకరణ చెందుతుంది, దాని పుప్పొడి బయటికి వెదజల్లబడదు. అంటే చేనులో వాడిన మొక్కల్ని ఏరి పారేసినంత మాత్రాన లాభం లేదు. రోగం పుట్టేది గెనెం మీద, వంక పక్కన, బండ్ల దారి వెంట, పడావు పడిన పక్క చేనులో. అక్కడున్న వయ్యారిభామను పూత రాకముందే పీకాలి. పూత వచ్చాక పీకితే పుప్పొడి రాలిపోయినట్టే. ఒక్కో మొక్క వేల గింజలు వేస్తుంది, తేమ ఉంటే ఏడాదిలో ఎన్నిసార్లయినా మొలుస్తుంది.

విత్తడానికి పదిహేను రోజుల ముందు ఒకసారి, విత్తిన పదిహేను రోజులకు ఇంకోసారి గెనాలు తిరిగి చూడండి. పక్క చేను రైతుతో కూడా మాట్లాడండి, ఇది ఒక్కరు చేస్తే తీరే పని కాదు. పీకేటప్పుడు చేతులకు తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. దీనితో చర్మం దద్దుర్లెక్కి నెలల తరబడి బాధపడేవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు.

చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేస్తే గాలికి వచ్చే తామర పురుగుల్ని అది కొంత అడ్డుకుంటుంది. తప్పక వెయ్యండి. కానీ ఈ వరుసల్ని గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయే కలుపు మందులు ఏవీ వాటి మీద పడకూడదు, పడితే జొన్న, సజ్జ దెబ్బతింటాయి.

విత్తిన రోజు, మర్నాడు

నీటి వసతి కింద సాళ్ళ మధ్య 22.5 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచండి. విత్తనం పొదుపు చేద్దామని సాళ్ళు దూరం చేస్తే ఆ ఖాళీలో మొలిచేది కసువే. విత్తనం 5 సెంటీమీటర్ల లోతులో పడి పైన మట్టి బాగా కప్పి ఉండాలి. ఇది మొలకకే కాదు, మందుకూ ముఖ్యం. పైన తేలిన గింజకు మందు తగిలితే మొలక దెబ్బతింటుంది.

విత్తిన రోజే, లేదా ఆలస్యమైనా రెండు రోజుల్లోపు పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు 1.3 నుంచి 1.6 లీటర్లు 200 లీటర్ల నీళ్ళలో కలిపి నేల మీద పిచికారీ చెయ్యాలి. తేలిక ఎర్రనేలకు 1.3 లీటర్లు చాలు, నల్లరేగడికి 1.6 దాకా పోవచ్చు. 38.7 శాతం రకం దొరికితే ఎకరాకు 700 మిల్లీలీటర్లు. ఈ మందు మొలిచిన కలుపును చంపదు. నేల పైన పలచటి పొరలా పరుచుకుని, అందులోంచి మొలవబోయే గింజ వేరునూ మొలకనూ ఎదగనివ్వదు. కాబట్టి మూడు సంగతులు తప్పకూడదు. నేల తేమగా ఉండాలి, పొడినేల మీద ఎండలో కొడితే మందు ఆవిరైపోతుంది. పెళ్ళలు లేకుండా చదునుగా ఉండాలి, పెళ్ళ వెనక మందు పడని చోటే కలుపు మొలుస్తుంది. కొట్టేవాళ్ళు వెనక్కి నడుస్తూ కొట్టాలి, మందు పడిన చోట అడుగు పడితే పొర తెగుతుంది. సాయంత్రం పూట కొట్టడం మేలు. స్ప్రింక్లర్లు ఉన్నవాళ్ళు కొట్టిన తర్వాత కొద్దిసేపు తిప్పితే పొర బాగా కుదురుకుంటుంది.

తుంగ మీద ఇది పనిచెయ్యదని మళ్ళీ చెబుతున్నాను. రెండు రోజులు దాటి కలుపు కనబడుతుంటే ఈ మందు కొట్టకండి, ఆ డబ్బు ఇరవయ్యో రోజుకు దాచుకోండి.

ట్యాంకు లెక్క ఇక్కడే సరిచూసుకోవాలి, ఎందుకంటే మందు పనిచెయ్యలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు కారణం నీళ్ళు తగ్గించి కొట్టడమే. ఎకరాకు 200 లీటర్లంటే 16 లీటర్ల ట్యాంకు 8 సెంట్లకు రావాలి. 60 అడుగుల పొడవు, 58 అడుగుల వెడల్పు కొలిచి నాలుగు మూలల పుల్లలు నాటండి. ఇది దాదాపు 8 సెంట్లు. ట్యాంకులో వట్టి నీళ్ళు నింపి మీ మామూలు నడకతో కొట్టండి. ఆ జాగా అయిపోయేసరికి ట్యాంకు ఖాళీ కావాలి. నీళ్ళు మిగిలితే నడక నిదానించండి, ముందే అయిపోతే కాస్త వేగం పెంచండి. నడక కుదిరాక ఒక్కో ట్యాంకుకు 1.3 లీటర్ల లెక్కన 104 మిల్లీలీటర్ల మందు. మూతతో కాకుండా కొలత గ్లాసుతో కొలవండి. నాజిల్ చదునుగా చిమ్మేది ఉండాలి, పురుగు మందుకు వాడే గుండ్రటి చిమ్ము నాజిల్‌తో కలుపు మందు సమంగా పడదు.

మొదటి ఇరవై రోజులు మోటారు వెయ్యకండి

పదునులో విత్తిన తర్వాత 20 నుంచి 25 రోజుల దాకా, తొలిపూత కనబడేదాకా, మామూలు నేలల్లో వేరుశనగకు తడి అక్కర్లేదు. ఈ కాలంలో పైరు కొంచెం నీటి ఎద్దడి తట్టుకుంటే వేరు లోతుకు దిగుతుంది, పూత ఒకేసారి వస్తుంది. కలుపు వైపు నుంచి చూస్తే ఇంకా మేలు. నేల పైపొర ఎండి ఉంటుంది కాబట్టి చిన్న గింజలు మొలవలేవు. శనగ గింజ 5 సెంటీమీటర్ల లోతులో ఉంది, దాని వేరు కింది తేమను అందుకుంటుంది. పైన ఉన్న కలుపు గింజకు ఆ తేమ అందదు. పైరు కాస్త వాడినట్టు కనబడితే పక్కవాళ్ళు నీళ్ళు పెట్టుకోమని చెబుతారు. సాయంత్రానికి ఆకు తేరుకుంటుంటే కంగారు పడకండి. బాగా ఇసుక పాలున్న నేలలో మాత్రం మధ్యలో ఒక పలచటి తడి అవసరం కావచ్చు.

20-25 రోజులు: గుంటకా, మందా?

ఇక తొలిపూత తడి దగ్గరికి వచ్చాం. కలుపు పలచగా ఉంటే, సాళ్ళలో గుంటక తిరిగేలా ఉంటే గుంటకే మంచిది. దాన్ని తడికి ముందు రెండు మూడు రోజులు ఉండగా తోలండి. పొడినేలలో తెగిన కలుపు ఎండకు వాడి చస్తుంది. తడి ఇచ్చాక తోలితే తెగిన మొక్క తడిమట్టిలో మళ్ళీ వేరు పట్టుకుంటుంది, గంగపాయల మరీనూ. డ్రిప్ ఉన్న చేనులో పైపులు చుట్టి పక్కన పెట్టి, గుంటక తోలాక మళ్ళీ పరచాలి. సాలులో మొక్కల మధ్య మిగిలినదాన్ని చేత్తో తీయించండి.

కూలీలు దొరక్కపోతే, కలుపు దట్టంగా ఉంటే మందు తప్పదు. అప్పుడు వరస తిరగబడుతుంది. మందు తడి ఇచ్చిన రెండు మూడు రోజులకు కొట్టాలి. ఎండకు వాడిపోయి ఉన్న కలుపు మందును పీల్చుకోదు, చురుగ్గా పెరుగుతున్నదే పీల్చుకుంటుంది. కలుపు రెండు నుంచి నాలుగాకుల దశలో ఉండగా కొట్టాలి. గడ్డి, వెడల్పాకు కలిసి ఉంటే ఇమాజితాపైర్ 10 శాతం ఎకరాకు 300 మిల్లీలీటర్లు. వట్టి గడ్డి జాతే ఉంటే క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం ఎకరాకు 400 మిల్లీలీటర్లు. 16 లీటర్ల ట్యాంకుకు మొదటిది 24, రెండోది 32 మిల్లీలీటర్లు.

ఇమాజితాపైర్ కొట్టాక శనగ ఆకు కొద్దిరోజులు పసుపు తిరుగుతుంది, తర్వాత తేరుకుంటుంది. కలుపు వెంటనే ఎండదు. నాలుగైదు రోజుల్లో ఎదుగుదల ఆగి, పూర్తిగా చావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వారానికే పచ్చగా ఉందని రెండోసారి కొట్టేవాళ్ళు పైరుకు హాని చేసి, డబ్బూ పోగొట్టుకుంటున్నారు. కంది అంతరపంటగా ఉంటే ఇమాజితాపైర్‌తో ఇబ్బంది లేదు. ఆముదం ఉంటే దీని జోలికి పోవద్దు. 2,4-డి మందును వేరుశనగలో గానీ, పక్కన పత్తి ఉన్న చోట గానీ వాడనే వాడకండి. గాలికి దాని తుంపర తగిలినా పత్తి ఆకు ముడుచుకుపోతుంది.

మందు కొట్టిన చేనులో గంగపాయలాకు, చెంచలాకు కూరకు కోయడం మాన్పించాలి. కూలికి వచ్చిన అక్కలు ఒడిలో నింపుకుని పోవడం మనకు అలవాటు. కొట్టిన రోజే వాళ్ళకు గట్టిగా చెప్పండి. ఆ కసువును పశువులకూ వెయ్యవద్దు.

40వ రోజు దగ్గర చివరి చెయ్యి

35 నుంచి 40 రోజుల మధ్య రెండోసారి కలుపు తీయించి, అదే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళలో వేసి మట్టి ఎగదోయండి. ఒకే కూలితో మూడు పనులూ అవుతాయి. ఊడలు, అంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగడానికి మట్టి మెత్తగా దొరుకుతుంది. దీని తర్వాత గుంటక గానీ పార గానీ సాళ్ళలో పెట్టకండి. ఊడ ఒకసారి తెగితే అక్కడ కాయ ఉండదు. అప్పటికీ అక్కడక్కడ మిగిలిన పెద్ద కలుపు మొక్కల్ని పీకితే పక్క ఊడలు లేచి వస్తాయి, కొడవలితో నేలకు ఆనించి కోసెయ్యండి. గింజ కట్టకముందే కోస్తే వచ్చే ఏటి కలుపు అంత తగ్గినట్టే.

మందుల విషయంలో రెండు గట్టి మాటలు

గెనాల మీద కసువుకు గ్లైఫోసేట్ కొట్టడం అలవాటైపోయింది. 2022 అక్టోబరులో కేంద్రం దీని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. పైరు పక్కన దాని తుంపర పడితే శనగ చచ్చిపోతుంది కూడా. గెనెం కొడవలితోనే బాగుపడుతుంది. పారాక్వాట్ గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఇంట్లో సీసా ఉంచకండి, నీళ్ళ బాటిల్‌లోకి వంచి పెట్టకండి. అసలు కొనకపోవడమే నా సలహా.

కలుపు మందు కొట్టిన పంపును సబ్బునీళ్ళతో మూడుసార్లు కడగకుండా పురుగు మందుకు వాడవద్దు. వీలైతే కలుపు మందుకు వేరే పంపే పెట్టుకోండి.

పంట నూర్చాక మిగిలిన చెత్తలో కలుపు గింజలు ఉంటాయి, దాన్ని అలాగే చేనులోకి తోలకుండా దిబ్బలో మాగనివ్వండి. ఇమాజితాపైర్ వాడిన చేనులో వెంటనే జొన్న, మొక్కజొన్న, కూరగాయలు వేస్తే మొలకలో దెబ్బ కనబడవచ్చు. మందు నేలలో కొన్ని నెలలు నిలుస్తుంది కాబట్టి ఏ తేదీన ఏ మందు ఎంత కొట్టారో రాసి పెట్టుకుని, తర్వాతి పంట ఖాయం చేసుకునే ముందు ఆ కాగితాన్ని రైతు సేవా కేంద్రంలో చూపించి అడగండి.